ఇంటి పంక్తి

పరదేశినాయుడు మాస్టారి ఇంటికి రోడ్డు నుంచి అరవై నాలుగు మెట్లు. విశాఖపట్నంలో కొండవాలున కట్టుకున్న ఇళ్ళకు మెట్లే వీధి. గ్యాస్ సిలిండరైనా, కొత్త కోడలైనా, పాడె అయినా ఆ మెట్ల మీదనే రావాలి, ఆ మెట్ల మీదనే పోవాలి.

మాస్టారి భార్య నూకరత్నం ఒక శనివారం పొద్దున్న కూరలు కొనుక్కుని పైకొస్తూ ముప్పై ఒకటో మెట్టు మీద కూర్చుంది. సంచీ పక్కన పెట్టుకుంది. అలిసిపోయి కూర్చుందనుకుని ఇద్దరు పక్కనుంచే దాటి వెళ్ళారు. మూడో మనిషి పలకరించింది. నూకరత్నం పలకలేదు.

అది జరిగి ఐదు నెలలు. మాస్టారు రోజూ పాలకి దిగుతారు, ఎక్కుతారు. లెక్కపెట్టకుండా ఎక్కాలని చూస్తారు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషికి లెక్క దానంతటదే నడుస్తుంది. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఆయన ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో ఆలోచించనూ లేదు. దవడకి మత్తుసూది వేసి పన్ను పీకాక నాలుక ఆ ఖాళీని తడుముతూ ఉంటుంది చూశారా, నొప్పి తెలియదు, ఖాళీ మాత్రం తెలుస్తుంది. అలా ఉండేది ఆయనకి.

మొగుడూ పెళ్ళాం ఇద్దరి గుండెలూ బలహీనమైనవే. ఇద్దరికీ మెడ ఎముక కింద చిటికెన వేలి గోరంత పరికరం పెట్టారు. దాని పేరు ముందడుగు. మామూలుగా అయితే కాలు మెట్టు మీద పడ్డాకే గుండెకు కబురు అందుతుంది. బలహీనమైన గుండె తేరుకునేలోపల మనిషి ఆయాసపడిపోతాడు. ముందడుగు అలా కాదు. కాలు లేవబోతోందని కండరాల కదలికను బట్టి పది సెకన్ల ముందే కనిపెట్టి గుండెను సిద్ధం చేస్తుంది. నూకరత్నం దాన్ని "నా లోపలి కోడలు" అనేది. "కొడుకు లేకపోయినా కోడలు దొరికింది. అడక్కముందే అందిస్తాది," అని మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పేది.

పరికరాన్ని తయారుచేసిన ప్రయోగశాల ఊరి చివర ఇంకో కొండ మీద ఉంది. డాక్టర్ సలోమి అనే పెద్దావిడ దాన్ని నడుపుతుంది. మాస్టారి ఒక్కగానొక్క కూతురు హైమ అక్కడే పని చేస్తుంది. పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. ఒక్కో మార్పును ఒక్కో విడుదల అంటారు. ఏ విడుదలలో ఏం చేర్చాలి, ఏం చేర్చకూడదు, ఎప్పుడు తలుపు వేసెయ్యాలి, ఎవరికి ముందు పంపాలి, అన్నీ చూసేది హైమ. తలుపు వేసెయ్యడమంటే, ఆ రోజు తర్వాత ఎవరికి ఎంత మంచి ఆలోచన వచ్చినా లోపలికి రానివ్వకపోవడం. తలుపు వేశాక ఆ విడుదలను మొదట ఉప్పునీటి తొట్టెల్లో కొట్టుకునే బొమ్మ గుండెల మీద నడిపి చూస్తారు. ఆ తర్వాత మనుషుల వంతు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి సలోమిగారి నియమం ఒకటుంది. మన విందుల్లో అతిథులు ముందు తింటారు, ఇంటివాళ్ళు ఆఖరి పంక్తిలో కూర్చుంటారు. ఆవిడ దాన్ని తిరగేసింది. వండినవాళ్ళు ముందు తినాలి, అంది. కాబట్టి ప్రతి విడుదలా ముందు ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళ సొంత మనుషులకు వెళ్తుంది. వాళ్ళు నలభై మంది. దాన్ని ఇంటి పంక్తి అంటారు. మూడు రోజులు చూసి, బాగుందనుకుంటే ఐదు వందల మందికి. అది ఊరి పంక్తి. ఆ తర్వాత మిగిలిన నలభై వేల మందికి.

ఇంటి పంక్తివాళ్ళు మూడు రోజులూ ఒక కాగితం నింపాలి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మెట్లు ఎక్కాలి. ఎన్ని ఎక్కారు, ఎక్కాక నాడి ఎంత, రాయాలి. ఆరు గడులు. కింద ఒక సంతకం. పరికరమే ఆ లెక్కలు పంపెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడిగితే సలోమిగారు ఒప్పుకోదు. మనిషి తన ఇంట్లో ఏం చేస్తాడో వాడి గుండెకు తెలిస్తే చాలు, నాకు తెలియక్కర్లేదు, అంటుంది. మనిషి పోయిన పన్నెండు గంటలకు పరికరం తను నేర్చుకున్నదంతా చెరిపేసుకుంటుంది. అదీ ఆవిడ పెట్టించినదే.

*

తొమ్మిదో విడుదల కొంచెం పెద్దది. ఎనిమిదో దాంట్లో పరికరం ప్రతి కదలికనూ కొత్తగా ఊహించేది. దానివల్ల బ్యాటరీ తొందరగా తరిగిపోతోంది. ఏడాది గడిస్తే నలభై వేల మందినీ మళ్ళీ కోసి బ్యాటరీ మార్చాలి. అందుకని తొమ్మిదో విడుదలలో పరికరానికి మనిషి అలవాట్లు నేర్చుకోవడం నేర్పారు. ఈ మనిషి ఎప్పుడు లేస్తాడు, ఎప్పుడు నడుస్తాడు తెలిస్తే ప్రతిసారీ ఊహించే పని తప్పుతుంది.

అది ఇంటి పంక్తికి వచ్చిన మూడు రోజులూ నూకరత్నానికి మోకాలు వాచి ఉంది. మాస్టారు మాత్రం పొద్దున్నా సాయంత్రం మెట్లన్నీ దిగి ఎక్కారు, మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నారు, తన కాగితంలో రాసుకున్నారు. రెండో కాగితం బల్ల మీద ఖాళీగా ఉంది.

హైమకి చెబుదామన్నారు మాస్టారు. మోకాలి సంగతి రాసేస్తే సరిపోతుంది, ఈసారికి పంక్తిలోంచి పేరు తీసేస్తారు. నూకరత్నం వద్దంది. పిల్ల ఇప్పటికే సరిగ్గా తినకుండా తిరుగుతోందనీ, మోకాలని చెబితే పని మానుకుని డాక్టర్ల చుట్టూ తిప్పుతుందనీ, మెట్లెక్కితే నొప్పి, ఎక్కకపోతే కాగితం, మధ్యలో తనకేమిటీ బాధ అనీ అంది. ఆఖరికి పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు రాసీ మాస్టారూ. ఎంతమంది పిల్లల కాపీలు పట్టుకున్నావో. నీ కాపీ ఎవులు పడతారు?"

ఆయన నవ్వారు. నవ్వినందువల్లనే రాయగలిగారు, ఆ తర్వాత అనిపించింది. తన కాగితంలో ఉన్న నాడి అంకెలకు రెండేసి కలిపి ఆమె కాగితంలో ఆరు గడులూ నింపారు. అరవై నాలుగు, అరవై నాలుగు, అరవై నాలుగు. నూకరత్నం సంతకం చేసింది. ఆ రాత్రి వంకాయ కూర వండింది. అంతకు మించి ఆ రోజు గురించి గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు.

నలభై కాగితాలూ బాగున్నాయి. తొమ్మిదో విడుదల ఊరి పంక్తికి వెళ్ళింది. పదకొండో రోజున మోకాలు నెమ్మదించి, నూకరత్నం సంచీ పట్టుకుని కిందికి దిగింది. అదే వారంలో ఊరి పంక్తిలో ఇంకో ఇద్దరు పోయారు. చెయ్యి విరిగి సెలవు మీద ఇంట్లో ఉండి, మళ్ళీ డ్యూటీకి బయల్దేరిన బస్సు కండక్టరు ఒకడు. జ్వరం తగ్గి మగ్గం ఎక్కబోయిన పొందూరు మనిషి ఒకామె. మూడో కబురు వచ్చిన గంటలో హైమ విడుదలను వెనక్కి తీసుకుంది. అందరూ మళ్ళీ ఎనిమిదికి వచ్చారు. తల్లి పదకొండో రోజు కర్మ అయిన మర్నాడే ఆమె ఆఫీసుకు వెళ్ళింది.

*

ఆ ఐదు నెలలూ ఇంట్లో ఇద్దరూ చాలా మర్యాదగా ఉన్నారు. అన్నం ఎవరు ముందు పెట్టుకున్నా రెండోవాళ్ళకి మూతపెట్టి ఉంచేవారు. గీజర్ వేసి ఉంచానని ఒకరు, గొడుగు మర్చిపోకమని ఇంకొకరు. మాటలు అంతవరకే.

ఒకరోజు అన్నం తింటూ హైమ తనంతట తాను మాట్లాడింది. ఆఫీసులో త్రినాథ్ అని పరీక్షలు చేసే కుర్రాడు ఉన్నాడు, తెలివైనవాడు. వాడికి ఒక అనుమానం వచ్చిందట. మొదటి మూడు రోజులూ కదలకుండా కూర్చున్న మనిషిని పరికరం కూర్చునే మనిషిగానే నేర్చుకుంటుందేమో, ఆ తర్వాత నిజంగా మెట్లెక్కినా నమ్మదేమో, గుండెను సిద్ధం చెయ్యకుండా పట్టి ఉంచుతుందేమో అన్నాడట.

"బొమ్మ గుండెల మీద చూడలేకపోయారా?" అన్నారు మాస్టారు.

"బొమ్మ గుండెకి మోకాలు నొప్పులుండవు నాన్నా. వాటిని రోజూ ఆడిస్తూనే ఉంటాం." హైమ మజ్జిగ పోసుకుంది. "వాడి మాట బాగానే ఉంది. కాని అమ్మ కాగితం ఉంది కదా. మూడు రోజులూ ఎక్కింది. ఆరుసార్లు. అమ్మ కాగితం చూపించాను. వాడు సారీ చెప్పి కూర్చున్నాడు. ఆ దారి మూసేశాం."

మాస్టారి నోట్లో ముద్ద ఉంది. మింగారు. ఇంకో ముద్ద కలుపుకున్నారు. హైమ చెబుతూనే ఉంది. తప్పు నాడి తగ్గించే వేగంలో ఉందని తేల్చారట, దాన్ని పదో విడుదలలో సరిచేశారట, వచ్చే వారం తలుపు వేస్తారట. అలవాటు నేర్చుకునే భాగం అలాగే ఉంచారట, దానిలో దోషమేమీ కనబడలేదు కాబట్టి.

చెప్పాల్సింది ఆరు మాటలు. మీ అమ్మ మెట్లు ఎక్కలేదు, నేనే రాశాను. ఆ ఆరూ ఆయన గొంతు దాకా వచ్చి, మజ్జిగతో పాటు కిందికి వెళ్ళిపోయాయి. కంచాలు తీసి ఆయనే కడిగారు.

తర్వాత రోజుల్లో ఆయన తనకు తాను ఒక సంగతి చెప్పుకున్నారు. త్రినాథ్ చెప్పింది ఊహే. ఊహను చూసి చెప్పేస్తే ఎలా? పరీక్షించకుండా దేన్నీ నమ్మకండని పిల్లలకు చెప్పిన నోరు ఇది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కూతురి ముఖం చూస్తూ ఆ మాటలు అనడం కన్నా ఏదైనా తేలిక అనిపించింది ఆయనకి. ఏదైనా.

*

పదో విడుదలకు ఇంటి పంక్తి పేర్లు రాస్తూ హైమ అడిగింది.

"నీకు వద్దనిపిస్తే చెప్పు నాన్నా. నీ పేరు తీసేస్తాను. ఎవరూ ఏమనుకోరు."

"ఉంచు," అన్నారు.

సోమవారం తెల్లారేసరికి మంచం పక్కన, పరికరానికి విడుదలలు అందించే పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. విడుదల వచ్చేసింది. మాస్టారు ఆ రోజు పాలకి వెళ్ళలేదు, పాలవాణ్ణే పైకి వచ్చి ఇమ్మన్నారు. కుర్చీలో కూర్చున్నారు. పేపరు చదివారు. నూకరత్నం ఆ మూడు రోజులూ ఎలా గడిపిందో గుర్తు తెచ్చుకుని అలాగే గడిపారు. ఆమె కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు, ఆమె పడుకున్న వేళకి పడుకున్నారు. హైమ పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తోంది. కాగితం నింపుతున్నావా అని అడిగితే ఇస్తానన్నారు.

మంగళవారం అబ్బులుగారు ఫోన్ చేశారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, కోడలు ప్రయోగశాలలో ఉద్యోగి. ఇంటి పంక్తిలో ఆయనా మాస్టారూ పాతకాపులు.

"ఏటి మాస్టారూ, మెట్లెక్కుతున్నారా?"

"మీరు?"

"నన్నెక్కనిస్తే కదా. రాత్రి టీవీ రిమోట్ తీసుకుందామని లేస్తే కోడలు నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలేసింది. తొమ్మిదోదానికీ అంతే, మూడ్రోజులు మాలక్ష్మిలా పీట మీద కూకోబెట్టింది. కాగితం కూడా అదే రాసేస్తాది. నా నాడి ఎనభై ఎనిమిదంట. నాకే తెలీదు."

అబ్బులుగారు నవ్వారు. తొమ్మిదోది వెనక్కి తీసుకునేదాకా తను గడప దాటలేదనీ, ఒకందుకు కోడలు బంగారమనీ, రాక్షసి కూడాననీ చెప్పి ఫోన్ పెట్టేశారు.

మాస్టారు ఫోన్ బల్ల మీద పెట్టారు. ఇంటి పంక్తిలో నలభై మంది. ప్రతి ఒక్కరికీ లోపల ఏం మారుతోందో తెలిసిన కూతురో, కొడుకో, కోడలో ఉన్నారు. కొత్త విడుదల వచ్చే రోజు వాళ్ళు ఏం చేస్తారు? జాగ్రత్త చేస్తారు. ఇంటివాళ్ళు కాబట్టి. సలోమిగారు ఇంటివాళ్ళకే ముందు వడ్డించింది, ప్రేమ ఉన్నచోట పొరపాటు దాగదని. ఆవిడకు పిల్లలు లేరు. ప్రేమ మొదట దాచేది పొరపాటునేనని ఆవిడకు తెలియదు.

గురువారం పది గంటలకు ప్రయోగశాలలో సమావేశం. అందరూ ఒక్కొక్కరుగా "వడ్డించొచ్చు" అనో "ఆగాలి" అనో చెప్పాలి. ఆఖరి మాట హైమది. గురువారం ఆమె ఆరున్నరకే వెళ్ళిపోతూ, ముప్పై తొమ్మిది కాగితాలు వచ్చాయి, నీదొక్కటే రాలేదు, బల్ల మీద పెడితే త్రినాథ్ వచ్చి తీసుకుంటాడు, అని చెప్పింది.

ఆమె వెళ్ళాక మాస్టారు కాగితం తీశారు. ఆరు గడుల్లోనూ సున్నా వేశారు. కింద "ఇతర విషయాలు" అన్న చోట చిన్న అక్షరాలతో, వరుస తప్పకుండా, రాయవలసినదంతా రాశారు. సంతకం చేశారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. జేబు మీద పిన్నీసు పెట్టారు, తను పడిపోయినా కాగితం పడిపోకుండా. తలుపు తాళం వేసి మెట్లు దిగారు. దిగడంలో ఏమీ తెలియలేదు.

కింద కాసేపు నిలబడి, ఎక్కడం మొదలుపెట్టారు.

పదో మెట్టు దాకా బాగానే ఉంది. పద్దెనిమిది దగ్గర కాళ్ళు బరువెక్కాయి. ఇరవై రెండు దగ్గర చెవుల్లో ఏదో దూరంగా మోగింది. చెయ్యి మణికట్టు మీద వేసుకుని చూసుకున్నారు. నాడి నిదానంగా, చక్కగా కొట్టుకుంటోంది, కుర్చీలో పేపరు చదువుకుంటున్న మనిషి నాడిలాగా. కాళ్ళు మెట్లెక్కుతున్నాయి, గుండె ఇంకా ఇంట్లో కూర్చుని ఉంది. అదే ఆయనకి అర్థమయిన తీరు. భయం వేయలేదు. ఇన్నాళ్ళూ తను ఉన్న తీరు కూడా ఇదేనని మాత్రం తోచింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. కళ్ళ అంచుల నుంచి వెలుతురు లోపలికి ముడుచుకుపోతోంది.

ముప్పై ఒకటి దాకా వెళ్ళలేదు. ముప్పై దగ్గరే కూర్చుని, మెట్టు పొడవునా వెల్లకిలా పడుకుని, కాళ్ళు పై మెట్టు మీదికి ఎత్తి పెట్టారు. ఏం జరుగుతోందో తెలిసినవాడు కాబట్టి చెయ్యగలిగారు. ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే ఆమె కూడా సంచీ తల కింద పెట్టుకుని పడుకునేది. ఈ సంగతి ఆయనకి ముప్పయ్యో మెట్టు మీద, ఆకాశం కేసి చూస్తూ ఉండగా తెలిసింది. తెలిసి, అక్కడే ఉండిపోయింది.

వెలుతురు మెల్లగా వెనక్కి వచ్చింది. పైనుంచి దిగుతున్న ఎవరో లేవదీయబోయారు. వద్దన్నారు. పావుగంట తర్వాత లేచి, పైకి కాకుండా కిందికి నడిచి, ఆటో ఎక్కారు.

*

ప్రయోగశాల సమావేశాల గదిలో బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలు. ఒకటి ఎప్పుడూ ఖాళీ. ఇంటి పంక్తి వాళ్ళెవరైనా వచ్చి మాట్లాడాలనుకుంటే వాళ్ళదని సలోమిగారు వేయించింది. ఏడేళ్ళలో దానిలో ఎవరూ కూర్చోలేదు. సాధారణంగా దాని మీద ఎవరిదో లంచ్ బ్యాగు ఉంటుంది.

మాస్టారు లోపలికి వచ్చేటప్పటికి ఎనిమిది మంది "వడ్డించొచ్చు" అనేశారు. హైమ తలెత్తి చూసింది. త్రినాథ్ లేచి బ్యాగు తీశాడు. ఆయన కూర్చుని, పిన్నీసు విప్పి, కాగితం కూతురి ముందుకు జరిపారు.

ఇంటి పంక్తి కాగితాలు చదవడం హైమ పని. పైకి చదవాలి. అది కూడా నియమమే. ఆరు సున్నాలు చదివింది. తర్వాత కింద రాసినది చదివింది.

"తొమ్మిదో విడుదలలో ఈ ఇంటి నుంచి వచ్చిన రెండో కాగితం అబద్ధం. నూకరత్నం ఆ మూడు రోజులు మెట్లు ఎక్కలేదు. ఆమెకు మోకాలు వాచింది. ఆ కాగితంలోని నాడి అంకెలు నావి, ఒక్కోదానికి రెండు కలిపాను. రాసింది నేను. ఈసారి మూడు రోజులు నేను కదలలేదు. నాలుగో రోజు మెట్లు ఎక్కుతాను. ఏం జరిగినా దానిని ఈ కాగితానికి చివరి వాక్యంగా తీసుకోవలసింది."

చదువుతున్న గొంతు ఎక్కడా మారలేదు. హాజరు పిలుస్తున్నట్టు ఉంది.

"ముప్పయ్యో మెట్టు," అన్నారు మాస్టారు. "నాడి డెబ్భై. పెరగలేదు. పడుకుంటే కళ్ళు తిరగడం తగ్గింది."

త్రినాథ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సలోమిగారు మాస్టారి వైపు చూడకుండా బల్ల వైపు చూస్తూ, అందరినీ బయటికి వెళ్ళి ఇళ్ళకు ఫోన్లు చేసి రమ్మంది. కోపం లేదు ఆవిడ మాటలో. ఒకే ఒక్క ప్రశ్న అడగమంది, నిజంగా ఎక్కారా అని. అబ్బులుగారి పేరు మాస్టారు ఎత్తలేదు. అబ్బులుగారి కోడలే ఫోన్ చెయ్యకుండా కూర్చుని, మాది నేనే రాశానండీ, రెండుసార్లూ, అని చెప్పింది. అరగంటలో లెక్క తేలింది. నలభైలో ఇరవై మూడు కాగితాలు అబద్ధం.

"ఆగాలి," అంది హైమ. అది ఆమె ఆఖరి మాట. కంప్యూటర్‌లో ఏదో నొక్కింది. మాస్టారి మెడ కింద ఏమీ తెలియలేదు గాని, ఆ నిమిషంలో నలభై గుండెలూ ఎనిమిదో విడుదలకు వెనక్కి వచ్చాయి. మర్నాటి నుంచి పదకొండుకు పని మొదలు. అది పరాయివాళ్ళకు వెళ్ళాలా, ఇంటివాళ్ళకే వెళ్ళాలా, కాగితం ఎవరు రాయాలి అన్న వాదన ఆ గదిలో మొదలైంది. మాస్టారు మెల్లగా లేచి బయటికి వచ్చారు.

హైమ వరండాలో కలుసుకుంది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నోటితో చెప్పొచ్చు కదా నాన్నా," అంది. "ఆరు మాటలు. దానికి గుండె పెట్టావా?"

ఆయన పిన్నీసు మూసి జేబులో వేసుకున్నారు.

"పడిపోయి ఉంటే? ఆ కాగితం నీ జేబులోంచి తీసి నేనే చదవాలా?"

ఆమె వరండా గోడకి ఆనుకుంది. తొమ్మిదోదాని కాగితాలు వచ్చిన రోజే నీదీ అమ్మదీ పక్కపక్కన పెట్టి చూశానంది. నాడి అంకెలన్నిటిలోనూ సరిగ్గా రెండే తేడా. ఇంకెవరివైనా అయితే వెనక్కి పంపేదాన్ని, నీ చేతిరాత కదా అని ఊరుకున్నాను, అంది. ఆ మాట అన్నాక లోపలికి వెళ్ళిపోయింది.

*

సాయంత్రం ఐదింటికే ఇంటికి వచ్చింది. మెట్ల కింద మాస్టారు కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచీ పైకి ఎక్కలేదు. ఎక్కగలరు, ఎనిమిదో విడుదల ఉంది కదా. ఎక్కలేదు.

ఇద్దరూ కలిసి ఎక్కారు. ముప్పై ఒకటి దగ్గర ఆమె ఆగింది. "ఇక్కడేనా?" అంది. ఔనన్నారు. ఆమె ఆ మెట్టు మీద కూర్చుంది. ఆయన పక్కన కూర్చున్నారు. పాలప్యాకెట్లు పట్టుకుని పైకి వెళ్తున్నామె సర్దుకుని దారి చేసుకుని వెళ్ళింది. కిందనున్న రోడ్డు మీద బస్సులు లైట్లు వేసుకుంటున్నాయి. హైమ ఏడుస్తుందేమోనని ఆయన చూశారు. ఏడవలేదు. ఇద్దరూ ఒకలాంటివాళ్ళే.

ఇంట్లోకి వెళ్ళాక ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిదో విడుదల. నూకరత్నం సంతకం. దీన్ని సరిచేసి ఫైల్లో పెట్టాలి, తెలిసినవాళ్ళే సరిచెయ్యాలి, అని చెప్పి స్నానానికి వెళ్ళింది.

మాస్టారు సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశారు. రిటైరయ్యాక దాన్ని వాడలేదు. ముందు గీకి చూసుకోవలసి వచ్చింది. మొదటి గడిలో అరవై నాలుగు కొట్టేసి పక్కన "ఎక్కలేదు" అని రాశారు. రెండో గడి. మూడు. నాలుగు. ఐదు. పిల్లల పేపర్లు దిద్దినట్టే, గీత కాగితం చిరగకుండా, కింది అంకె కనబడేలాగా.

ఆరో గడి దగ్గర పెన్ను ఆగింది.

హైమ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన ఇంకా బల్ల దగ్గరే ఉన్నారు. ఆమె భుజం మీంచి వంగి చూసింది. ఐదు గడుల్లో ఒకే మాట ఉంది. ఆరో దాంట్లో వేరే రాసి ఉంది.

"ఏడు మెట్లేమిటి?"

"మూడో రోజు సాయంత్రం గాలికి తువ్వాలు ఎగిరిపోయింది," అన్నారు మాస్టారు. "నేను లేను, కింద ఎక్కడో ఉన్నాను. ఏడు మెట్లు దిగి తెచ్చుకుందట. నేనొచ్చాక చెప్పింది. మోకాలు నొప్పని రెండు రోజులు కూర్చోబెట్టావు, చూడు, ఏడెక్కేను, ఏం కాలేదు, అంది." ఆయన పెన్ను కొనతో ఆరో గడి చూపించారు. "రాసేటప్పుడు గుర్తే ఉంది. అరవై నాలుగు వేశాను."

"నాడి?"

"చూడలేదు."

నాడి అన్న చోట ఆయన "చూడలేదు" అని రాశారు. తేదీ వేసి, సంతకం చేసి, కాగితం ఆమెకు ఇచ్చారు. హైమ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎర్రసిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, మడత పెట్టకుండా పుస్తకంలో ఉంచింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు తీసి, మూతలు పెట్టకుండా, ఎదురెదురుగా పెట్టింది.